టేపు మీద నిలిచిన గొంతులు

తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి, తిరుమల ఆలయంలోని భాండారంలో శతాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దంలో అవి వెలికి వచ్చి అచ్చెక్కినప్పుడు మాట చెడలేదు. పాటకు రాగం పేరు కూడా రేకు మీద ఉన్నది. లేనిది ఒక్కటే. ఆ పాటను ఆనాటివారు ఏ వరుసలో పాడుకున్నారో ఆ వరుస లేదు. అందువల్ల మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లి గ్రామంలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, 1950 తరువాత తిరుపతిలో ఉండి, ఆ పాటలలో అనేకానికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. ఆ మహావిద్వాంసుని కృషి వల్ల పాట మళ్ళీ జనం నోట నిలిచినది. కాని మొదటి వరుస తిరిగి రాలేదు. రాగి మాటను మోయగలిగినది, గొంతును మోయలేకపోయినది.

గొంతును, దానితో పాటు ముఖాన్ని, నడకను, చేతి విసురును పట్టి ఉంచే సాధనాలు గడచిన నూటయాభై ఏండ్లలో వచ్చాయి. అయితే గ్రామఫోనూ సినిమా కంపెనీల చేతిలోనే ఉండిపోయాయి. సామాన్య గృహస్థు తన ఇంటి పెండ్లిని, తన ఊరి జాతరను, తన బడి వార్షికోత్సవాన్ని తానే పట్టి ఉంచుకోగలిగినది టేపు వీడియో కెమెరా వచ్చిన తరువాతనే. ఆ కెమెరాల కాలం 1983లో మొదలై సుమారు పాతికేండ్లు సాగినది. ఆ పాతికేండ్లలో మన పీఠభూమిలో గతించిన వృద్ధుల మాట ఈనాడు ఎక్కడైనా వినబడునంటే, అది చాలావరకు ఏ ఇంటి బీరువాలోనో మూలబడిన క్యాసెట్టులోనే. ఆ క్యాసెట్టును ఎట్లు కాపాడవలె, దానిని ఆడించే కెమెరాను ఎట్లు వాడవలె, ఇంటిపట్టునా పరదేశంలోనూ ఏ జాగ్రత్తలు తీసుకోవలె అన్నది ఉపాధ్యాయులూ విద్యార్థులూ తెలుసుకోదగిన విషయం. ఇందులో ఆలస్యానికి తావు లేదు. ఆ కారణం వ్యాసం చివర తెలుస్తుంది.

పుట్టుక

జపాను దేశపు సోనీ కంపెనీ 1975లో బీటామ్యాక్స్ అనే గృహ వీడియో పద్ధతిని, జె.వి.సి. కంపెనీ 1976లో వి.హెచ్.ఎస్. అనే పద్ధతిని ప్రవేశపెట్టాయి. మొదట కెమెరా వేరు, టేపు తిరిగే పెట్టె వేరు. రెండింటినీ ఒకటిగా ఇమిడ్చిన బీటామూవీ అనే యంత్రం 1983లో వచ్చినది. అది చిత్రాన్ని పట్టగలదే గాని తిరిగి చూపలేదు. చూడవలెనంటే క్యాసెట్టును ఇంటిలోని పెట్టెలో వేయవలసినదే. 1984లో జె.వి.సి. చిన్న వి.హెచ్.ఎస్. క్యాసెట్టుతోను, 1985లో సోనీ 8 మిల్లీమీటర్ల వెడల్పు గల టేపుతోను తేలికైన కెమెరాలను తెచ్చాయి. 1989లో హై-8, 1995లో చిత్రాన్ని అంకెలుగా మార్చి వ్రాసుకొనే మినీ డి.వి. వచ్చాయి.

మన దేశంలో రంగుల టెలివిజన్ 1982 నాటి ఢిల్లీ ఆసియా క్రీడలతో ప్రవేశించినది. ఆ దశకంలోనే వీడియో పెట్టె పట్టణాలకూ, పట్టణాల నుండి పెద్ద పల్లెలకూ ప్రాకినది. పెండ్లికి ఫోటోగ్రాఫరుతో పాటు వీడియో తీసేవానిని కూడా పిలుచుట 1990 దశకంలో మామూలు మర్యాద అయినది. అమెరికాకో గల్ఫు దేశాలకో పోయిన బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు చిన్న కెమెరా వెంట తెచ్చి, అవ్వను అరుగు మీద కూర్చుండబెట్టి, ఆమె చెప్పే పాత కరువుల కథలను పట్టుకుపోయేవారు. ఆ క్యాసెట్టు ఒకటి ఇక్కడ, దాని నకలు ఒకటి సముద్రం అవతల ఉండేది.

లోపలి పని

టేపు అనగా పలుచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద అయస్కాంత గుణం గల సన్నని పొర ఉంటుంది. వి.హెచ్.ఎస్. టేపులో అది ప్రధానంగా ఇనుప ఆక్సైడు పొడిని జిగురులో కలిపి పూసిన పూత, మినీ డి.వి. టేపులో లోహాన్ని ఆవిరి చేసి అద్దిన పొర. కెమెరాలో క్యాసెట్టు వేసి మూత మూసినప్పుడు కిర్రుమని చప్పుడవుతుంది గదా! ఆ సమయంలో చిన్న చిన్న కమ్ములు టేపును క్యాసెట్టు నుండి బయటికి లాగి, నిగనిగలాడే ఒక లోహపు డ్రమ్ము చుట్టూ తిప్పుతాయి. ఆ డ్రమ్ము అంచున కంటికి ఆనీ ఆనని అయస్కాంతపు మొనలు ఉంటాయి. వాటినే హెడ్లు అంటారు. మినీ డి.వి. కెమెరాలో ఈ డ్రమ్ము నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది. టేపు మాత్రం సెకనుకు రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా, నెమ్మదిగా జరుగుతుంది. తిరిగే హెడ్డు జరిగే టేపు మీద ఏటవాలుగా గీతలు గీస్తూ పోతుంది. ఒక్కొక్క గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరవ వంతు. మన దేశపు పద్ధతిలో ఒక్క బొమ్మకు 12 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. వెరసి సెకనుకు 300 గీతలు. గంట క్యాసెట్టులో సుమారు 68 మీటర్ల టేపు ఉంటుంది. దాని మీద పది లక్షల ఎనభై వేల గీతలు పడతాయి.

గణితం చెప్పే ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును. ఇది మనసున పట్టినవారికి తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే బోధపడతాయి. తల వెండ్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పది మైక్రాన్ల గీత ఎదుట మన ఎర్ర నేల ఇసుక రేణువు దారికి అడ్డుపడిన బండరాయి వంటిది. ఆ రేణువు టేపుకూ హెడ్డుకూ నడుమ చిక్కినప్పుడు ఒక్క క్షణంలో వందల గీతలు చెరిగిపోతాయి.

దుమ్ము, ఎండ, గాలి

అనంతపురం సీమ పడమటి కనుమల మరుగున ఉండుట చేత నైరుతి వానలూ, తూర్పు తీరానికి దూరమగుట చేత ఈశాన్యపు వానలూ నిండుగా అందవు. ఏడాదికి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ ఎండిన గాలి రైతుకు శాపమైనా టేపుకు ఒక విధంగా మేలు చేసినది. కోస్తా ఊళ్ళలో గాలిలోని తేమను టేపు మీది జిగురు పీల్చి మెత్తబడుతుంది. పొర ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. చుట్ట అంచున తెల్లని బూజు లేస్తుంది. మన ఊళ్ళలో ఆ బాధ తక్కువ. మన బాధలు వేరు. దుమ్ము, ఎండ, ఆషాఢ మాసపు గాలి, ఈ మూడింటితోనే మనకు పోరు.

వేరుశెనగ కళ్ళంలోనో, జాతర మైదానంలోనో ఉన్నప్పుడు క్యాసెట్టు మార్చగూడదు. బయలుదేరే ముందే కొత్త క్యాసెట్టు వేసుకొనుట మంచిది. దారిలో మార్చక తప్పనిచో గదిలోకి పోయి, లేదా గాలికి వీపు పెట్టి కండువా మరుగున మార్చవలె. క్యాసెట్టు తలుపును ఊరక తెరిచి ఉంచగూడదు. లెన్సు మీద దుమ్ము పడినప్పుడు నోటితో ఊదితే తుంపరలు పడి మచ్చ కడతాయి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాతనే గుడ్డ వాడవలె. ఇసుక ఉండగా రుద్దిన లెన్సుకు పడిన గీత మాయదు. లెన్సు ముందు ఒక సాదా గాజు బిళ్ళ బిగించుకుంటే దెబ్బ ఏదైనా దానికే తగులుతుంది. అది చెడితే మార్చుకోవచ్చును.

హెడ్డుకు మట్టి పట్టినదని తెలియుటకు గుర్తులున్నాయి. వి.హెచ్.ఎస్. చిత్రంలో మంచు కురిసినట్టు తెల్లని చుక్కలు కనబడతాయి, మినీ డి.వి. చిత్రం చిన్న చిన్న గళ్ళుగా విడిపోతుంది. అప్పుడు హెడ్డును శుభ్రపరచే క్యాసెట్టు వేసి, దాని మీద వ్రాసిన కొద్ది సెకన్లు మాత్రమే తిప్పవలె. అది గరుకు టేపు. మాటిమాటికి వేస్తే హెడ్డునే అరగదీస్తుంది. దూది చుట్టిన పుల్లను లోపల పెట్టి తుడుచుట ప్రమాదం. దూది పోగు హెడ్డు మొనకు తగులుకొని దానిని విరిచివేయగలదు.

మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకు ఎంతో మించుతుంది. అక్కడ వదలిన క్యాసెట్టులో ప్లాస్టిక్ పట్టీ సాగి వంకర పోతుంది. సాగిన టేపు మీది గీతను హెడ్డు సరిగా అందుకోలేదు. పలువురికి తెలియని జాగ్రత్త మరొకటి ఉన్నది. కన్ను ఆనించి చూసే గొట్టాన్ని సూర్యుని వైపు త్రిప్పి కెమెరాను ఉంచగూడదు. దానిలోని భూతద్దం ఎండను ఒక్క చుక్కగా కూర్చి లోపలి చిన్న తెరను కాల్చివేస్తుంది.

రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసినవంటే మన గాలి బలం ఊహింపవచ్చును. ఆ గాలి మైకులో పడితే భోరుమను శబ్దం తప్ప మరేమీ వినబడదు. మైకుకు నురుగు తొడుగు వేయవలె. మాట్లాడే పెద్దవారిని గోడ చాటున కూర్చుండబెట్టవలె. ఇంటిలోనైతే ఫ్యాను ఆపవలె. చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని వింటూ తీయుట ఉత్తమం. చిత్రం కొంత మసకబారినా ఓర్చుకోవచ్చును గాని, మాట వినబడని వృద్ధుని కథ మనకు దక్కనట్లే. కరెంటు నిలకడ లేని పల్లెకు పోయేటప్పుడు నింపిన బ్యాటరీలు రెండు వెంట ఉండవలె. పని లేని రోజులలో బ్యాటరీని కెమెరా నుండి తీసి, లిథియం జాతిదైతే సగం నింపి చల్లని చోట ఉంచవలె. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదలిన బ్యాటరీ మరల లేవదు.

చూపు ఏ ఎత్తున

ఇంతవరకు చెప్పినది యంత్రాన్ని గురించి. యంత్రం చేతికి వచ్చినవారు దేనిని, ఎట్లు చూడవలె అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. దీనికి మన వంటి మెట్టపొలాల సీమ నుండే ఒక దృష్టాంతం దొరుకుతుంది. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో, పూర్వం మెదకు జిల్లాలోనూ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనూ చేరిన పస్తాపూర్ గ్రామం ఉన్నది. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి పల్లెలలో మహిళా సంఘాలను నిలబెట్టినది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరు పి.వి.సతీష్‌గారు, టెలివిజన్ రంగంలో పనిచేసి వచ్చినవారు, 2023లో కీర్తిశేషులైనారు. 1990 దశకపు చివరి భాగంలో ఆ సంఘాల స్త్రీలు కొందరు వీడియో కెమెరా పట్టుట నేర్చుకున్నారు. వారిలో అధికులు దళితులు, కూలినాలి చేసుకొనేవారు, అక్షరం రానివారు. 2001లో వారికి కమ్యూనిటీ మీడియా ట్రస్టు అనే సొంత సంస్థ ఏర్పడినది.

ఈ స్త్రీలు కెమెరా చూపులకు పెట్టుకున్న పేర్లు సినిమా విద్యార్థులు సైతం తెలుసుకోదగినవి. పై నుండి కిందికి చూపే దానిని వారు పటేల్ షాట్ అన్నారు. పటేలు కూలివానిని చూసే చూపు అది. కింది నుండి పైకి చూపే దానికి దాసుడు దొరను చూసే చూపు అనే అర్థంలో పేరు పెట్టారు. కంటికి కన్ను సమంగా నిలిపి చూపే దానిని సంఘం షాట్ అన్నారు. సంఘం కూటమిలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక. తాము తీసేటప్పుడు ఈ మూడవ చూపే వారికి ఇష్టం. ఏ పాఠ్యపుస్తకమూ చదువని వారు చూపులోని ఎచ్చుతగ్గులను తమ బ్రతుకు నుండి ఇంత సూటిగా గుర్తించుట గమనింపదగినది.

వారి పని ఊరిలోనే ఆగలేదు. బీటీ ప్రత్తికి మన దేశంలో 2002లో అనుమతి లభించినది. ఆ గింజ వేసిన వరంగల్ ప్రాంతపు రైతుల చేలకు వీరు పదే పదే వెళ్ళి, పంట పెరుగుదలను, ఖర్చును, రైతు ముఖంలో మారే రంగును పట్టి 2003లో చిత్రంగా కూర్చారు. ఆ తరువాత ఇదే విషయమై దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా మొదలైన దేశాలకు కెమెరా పట్టుకుపోయి, అక్కడి రైతుల మాటలను కూడా పట్టి తెచ్చారు. విదేశానికి పోయినవారు కోటలూ అద్దాల మేడలూ చిత్రించుకు వచ్చుట వాడుక. వీరు చేలగట్ల మీద తమ వంటి మనుష్యులను వెదకి పలుకరించారు.

మన సీమకు ఈ పాఠం నేరుగా పనికివస్తుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపొందిన ఊరు. ఆ కళాకారులలో ఒకరైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారం లభించినది. 2022లో పాత అనంతపురం జిల్లా రెండయినప్పుడు ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తోలుబొమ్మలాటను టేపు మీద పట్టుట సులభం కాదు. చుట్టూ చీకటి, నడుమ వెలిగే తెర. కెమెరా తనంత తాను వెలుగును సరిచేసుకొనే పద్ధతిలో ఉంచితే, అది చీకటిని చూసి వెలుగును పెంచుతుంది. తెర తెల్లగా వెలవెలబోయి బొమ్మల రంగులు పోతాయి. అందువల్ల వెలుగును చేతితో తగ్గించి, తెర మీదనే సరిచూసుకొని బిగించవలె. కెమెరాను ముక్కాలి స్టాండు మీద, నేల మీద కూర్చున్న ప్రేక్షకుని కంటి ఎత్తున నిలపవలె. ఒక ఆట అయినా తెర వెనుకకు పోయి బొమ్మ పట్టిన చేతులను, పాడే నోటిని చిత్రించవలె. బొమ్మను మ్యూజియంలో దాచవచ్చును. ఆ చేతి కదలిక నేర్పు మరొకరికి చూచి నేర్చుకొనే వీలు టేపు వంటి సాధనం వల్లనే కలుగుతుంది.

సరిహద్దు దాటినప్పుడు

మన జిల్లాల నుండి ఈనాడు ఎందరో తల్లిదండ్రులు అమెరికాలోని బిడ్డల వద్దకు పోయి వస్తున్నారు. పాత కెమెరాను, క్యాసెట్లను వెంట తీసుకుపోయేవారు కొన్ని సంగతులు తెలుసుకొనుట మేలు.

మొదటిది మంచు సంగతి. చలికాలంలో వీధిలో గడ్డకట్టే చలి, ఇంటిలో వెచ్చదనం. చలిలో తిరిగిన కెమెరాను ఇంటిలోకి తెచ్చిన వెంటనే, చన్నీళ్ళ చెంబు చుట్టూ చెమట పట్టినట్టు, లోపలి డ్రమ్ము మీద నీటి పొర కడుతుంది. అప్పుడు క్యాసెట్టు తిప్పితే తడి టేపు డ్రమ్ముకు అతుక్కొని నలిగి తెగుతుంది. చాలా కెమెరాలు తేమను గుర్తించి హెచ్చరిక చూపి తామే ఆగిపోతాయి. చలి నుండి లోపలికి తెచ్చేటప్పుడు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూసి తెచ్చి, గంటసేపు అట్లే ఉంచవలె. ఇది పరదేశపు సమస్య మాత్రమే అనుకొనరాదు. చల్లబరచిన కారులో నుండి శ్రావణ మాసపు ముసురులోకి దిగినప్పుడు మన ఊరిలోనూ ఇదే జరుగుతుంది.

రెండవది విద్యుత్తు. మన దేశంలో 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. చార్జరు మీద 100 నుండి 240 వోల్టుల వరకు అని వ్రాసి ఉంటే ప్లగ్గును మార్చుకుంటే చాలును. ఆవృత్తుల తేడా వల్ల అక్కడి ట్యూబులైట్ల కింద మన కెమెరా చిత్రం అదురుతుంది. షట్టరు వేగాన్ని సెకనులో 60వ వంతుకు మార్చే వీలు ఉంటే ఆ అదురు తగ్గుతుంది.

మూడవది అతి ముఖ్యం. మనది పాల్ పద్ధతి. ఒక్కొక్క బొమ్మకు 625 గీతల లెక్కన సెకనుకు 25 బొమ్మలు. అమెరికా, జపానులది ఎన్.టి.ఎస్.సి. పద్ధతి, 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. పైకి క్యాసెట్టు ఒక్క తీరుగానే ఉంటుంది. కాని అమెరికా కెమెరాలో తీసిన క్యాసెట్టు మన పెట్టెలో సరిగా ఆడదు, మనది అక్కడ ఆడదు. రెండు పద్ధతులూ తెలిసిన యంత్రం కావలె. ఆడలేదన్న కారణంతో మంచి క్యాసెట్టును చెడినదని పారవేసిన ఇండ్లు ఉండకపోవు. అందుచేత పరదేశం నుండి వచ్చిన క్యాసెట్టు మీద అది ఏ దేశంలో, ఏ పద్ధతిలో తీసినదో వ్రాసి ఉంచవలె.

విమానాశ్రయంలోని ఎక్స్-రే యంత్రం ఫోటో ఫిల్మును చెరపగలదు గాని అయస్కాంత టేపును చెరపదు. ఆ భయం అక్కరలేదు. భయపడవలసినది బలమైన అయస్కాంతాలకు. పెద్ద లౌడుస్పీకరు పక్కన క్యాసెట్లు పేర్చగూడదు. లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకోవలె. విలువ గల కెమెరాను మన దేశం నుండి తీసుకుపోయేవారు బయలుదేరేటప్పుడే కస్టమ్సు వారి వద్ద దానిని చూపి పత్రం వ్రాయించుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు సుంకం పేచీ ఉండదు.

పెట్టెలో భద్రం

మన పూర్వులు తాళపత్రాలకు చేసిన సేవ ఎరిగినవారికి టేపు సేవ కొత్త కాదు. ఆకులకు నూనె రాచేవారు, గుడ్డలో చుట్టేవారు, పలకల నడుమ బిగించేవారు, శిథిలమగుటకు ముందే కొత్త ఆకుల మీదికి ఎత్తి వ్రాసేవారు. కడపలో ఉండగా సి.పి.బ్రౌను వేమన పద్యాలను, మరెన్నో కావ్యాలను సేకరించి నకళ్ళు వ్రాయించి ఉండకపోతే మనకు దక్కని గ్రంథాలు ఎన్నో!

టేపుకు చేయవలసిన సేవ ఇది. ఆడించిన తరువాత మొదటికి త్రిప్పి, దాని డబ్బాలో వేసి, పుస్తకం వలె నిలువుగా నిలపవలె. పడుకోబెట్టి దొంతర పెడితే చుట్ట అంచులు నలుగుతాయి. పొరపాటున మరొక చిత్రం దాని మీద పడకుండ వి.హెచ్.ఎస్. క్యాసెట్టుకు వెనుక ఉన్న చిన్న పలుకును విరవవలె, మినీ డి.వి. క్యాసెట్టుకు ఆ చోట జరిపే మీట ఉంటుంది. ఉష్ణం 20 డిగ్రీలకు దగ్గరగా, తేమ 40 శాతం లోపల ఉన్న చోటు శ్రేష్ఠం. అంతటి వసతి మన ఇండ్లలో దుర్లభం. అయినను మన మట్టిమిద్దెల నడిమి గది వేసవిలో కూడ చల్లగానే ఉంటుంది. మిద్దె నుండి రాలే మట్టి పడకుండ మూత గల డబ్బాలో పెట్టి, ఆ గదిలోని గోడగూటిలో ఉంచితే చాలును. కాంక్రీటు కప్పు కింది అటక మాత్రం తగదు. వేడి అంతా అక్కడే చేరుతుంది.

గడువు

ఇక ఆలస్యం పనికిరాదన్నందుకు కారణం చెబుతాను. తాళపత్రం నాలుగు వందల ఏండ్లు మూలబడి ఉన్నా, లిపి ఎరిగిన కన్ను ఒకటి ఉంటే చదువవచ్చును. టేపును ఏ కన్నూ చదువలేదు. దానికి యంత్రమే కావలె. ఆ యంత్రాలు ఇప్పుడు తయారగుట లేదు. వి.హెచ్.ఎస్. పెట్టెలను కడపటి వరకు చేసిన జపాను దేశపు ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆ పని మానినది. టేపు కెమెరాలు అంతకు ముందే అంగళ్ళ నుండి తప్పుకున్నాయి. ఉన్న యంత్రాలలో రబ్బరు పట్టీలు ఎండి తెగుతున్నాయి, హెడ్లు అరుగుతున్నాయి; బాగుచేయు మెకానిక్కులు వృద్ధులవుతున్నారు. యునెస్కో సంస్థ అంతర్జాతీయ ధ్వని భాండారాల సంఘంతో కలిసి 2019లో ఈ విషయమై ప్రపంచాన్ని హెచ్చరించినది. 2025 ప్రాంతానికి టేపులను ఆడించే యంత్రాలు అందుబాటు తప్పుతాయని, అంతలో నకలు తీయని టేపులు మూగవోతాయని ఆ హెచ్చరిక సారాంశం. ఆ గడువు వచ్చేసినది. యంత్రాలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి గనుక పని చేయుటకు వీలు మిగిలి ఉన్నది.

మినీ డి.వి. టేపును ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా కంప్యూటరుకు ఎక్కించవచ్చును. టేపు మీది అంకెలే మార్పు లేకుండ దిగుతాయి. గంటకు సుమారు 13 గిగాబైట్ల చోటు పడుతుంది. ఈనాటి కంప్యూటర్లకు ఆ తీగ తగిలించే చోటు లేదు గనుక, పాత కంప్యూటరు ఉన్నవారు దానిని పారవేయగూడదు. వి.హెచ్.ఎస్., హై-8 టేపులకు చిత్రాన్ని అంకెలుగా మార్చే చిన్న పెట్టె కావలె. ఏ పద్ధతిలోనైనా గంట టేపు దిగుటకు గంట పడుతుంది. దిగిన దానిని మూడు నకళ్ళుగా, రెండు రకాల సాధనాల మీద ఉంచి, వాటిలో ఒకటి వేరే ఊరిలో పెట్టుట నిపుణుల మాట. నకలు వచ్చినది గదా అని మూల టేపును పారవేయుట మబ్బును చూచి ముంత ఒలకబోసుకొన్నట్లు. హార్డ్ డిస్కు కూడ చెడే వస్తువే.

బూజు పట్టినదీ, జిగటగా మారినదీ, తెగినదీ ఇంటిలో ఆడించగూడదు. ఒక్కసారి తప్పుగా తిప్పితే పొర ఊడిపోతుంది. అట్టివానిని తెలిసిన వారికి అప్పగించవలె.

బడులు ఇందులో చేయదగిన పని చాలా ఉన్నది. ఒక తరగతి విద్యార్థులు తమ ఊరిలో ఎవరి ఇంటిలో ఏ క్యాసెట్లు ఉన్నవో పట్టిక వేయవచ్చును. క్యాసెట్టు రకం, తీసిన సంవత్సరం, సందర్భం, అందులో పాడినవారు, మాట్లాడినవారు, ఇవి వ్రాసుకుంటే చాలును. బడిలో గాని, దగ్గరి పట్టణంలో గాని పనిచేసే యంత్రం ఒకటి వెదకి పట్టుకోవచ్చును. నకలు దిగేటప్పుడు ఆ ఇంటి పెద్దను పక్కన కూర్చుండబెట్టి, తెర మీద కనబడే ముఖాలకు పేర్లు చెప్పించుకోవచ్చును. ఇది మరువగూడదు. టేపు దక్కి, అందులోని మనిషి ఎవరో చెప్పగలవారు లేకపోతే ఆ శ్రమలో సగం వృథా. ఇంటివారి అనుమతి లేనిదే ఏ చిత్రాన్నీ నలుగురికి చూపగూడదు. పెండ్లి చిత్రం ఆ ఇంటి సొత్తు.

కళ్ళంలో తూర్పార పడుతూ పాడిన పాటలు, చెరువు కట్ట తెగిన నాటి సంగతులు, వలస పోయినవారి కష్టసుఖాలు, తెర వెనుక బొమ్మలాడించిన గొంతులు మన పీఠభూమిలో ఎన్ని క్యాసెట్లలో ఉన్నవో ఎవరూ లెక్క వేయలేదు. రాళ్ళపల్లివారికి పాటల మాటలైనా రేకుల మీద దొరికినవి. మన టేపులు మూగవోతే తరువాతి వారికి మాటా దొరకదు, వరుసా దొరకదు. రాబోవు వేసవి సెలవులలో ఒక్కొక్క బడి పది క్యాసెట్లను దింపుకున్నా అది ఊరికి జరిగిన పెద్ద మేలు. దానికి కావలసిన సామగ్రి ఒక పాత కెమెరా, ఒక తీగ, ఒక పుస్తకం, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు.